శిక్షణ ఎవరికి, దేనికి?

జిల్లాలో ఏఎన్ఎంలకు డిజిటల్ శిక్షణ అనగానే ముందు ఒక ప్రశ్నాపత్రం బయల్దేరుతుంది. 'మీకు దేంట్లో శిక్షణ కావాలి?' అని అడుగుతాం. 'యాప్‌లో' అని రాస్తారు. ఒకరోజు ప్రొజెక్టర్ పెట్టి యాప్ చూపించి, హాజరు పట్టీలో సంతకాలు తీసుకుని వచ్చేస్తాం. చాలాకాలంగా ఈ పనిలో ఉన్నాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను: ఏం కావాలని అడిగితే అవసరం బయటపడదు. పని జరిగేచోట కూర్చుని చూడాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడకంలోకి తెచ్చిన హెన్నెసీ-హిక్స్ ప్రశ్నావళి నాకు నచ్చడానికి కారణం ఉంది. అందులో 30 పనులుంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా మార్కులు వేసుకోవాలి: ఆ పని నా ఉద్యోగానికి ఎంత ముఖ్యం, నేనెంత బాగా చేస్తున్నాను అని. రెండింటికీ తేడా ఎక్కడ ఎక్కువుంటే అక్కడ అవసరం ఉన్నట్టు. తర్వాత ఇంకో మాట అడుగుతుంది: ఈ లోటు శిక్షణతో తీరుతుందా, పని పరిస్థితి మారిస్తే తీరుతుందా? మన దగ్గర కాగితం పొదుపు కోసం కొట్టేసేది సరిగ్గా ఈ గళ్లనే.

ఉత్తరాంధ్రలో ఒక ఊళ్లో ఏఎన్ఎం వెంట ఇంటింటికీ తిరిగాను. 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, సుగర్ చూసి యాప్‌లో ఎక్కించడం ఆ రోజు పని. అరుగు మీద కూర్చున్న పెద్దావిడకు 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు తీయాలి. ''ఓటీపీ వచ్చుంటాది, చెప్పు పెద్దమ్మా'' అంది ఏఎన్ఎం. ''అది మావోడి ఫోన్‌కి ఎల్తాదమ్మా, ఆడు హైదరాబాద్‌లో ఉన్నాడు'' అంది పెద్దావిడ. ఫోన్ చేస్తే, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకువాళ్లు చెప్పారు కదా అని కొడుకు అడ్డం తిరిగాడు. అతను అన్నదాంట్లో తప్పేముంది? ఈ నంబరు దేనికి, వివరాలు ఎవరు చూస్తారు, వద్దంటే వైద్యం ఆగుతుందా అన్న మూడు ముక్కలు చెప్పడం ఆ అమ్మాయికి ఎవరూ నేర్పలేదు. ఈ నంబరు ఇచ్చే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతా మొదలైంది 2021లో. ఒప్పుకోలు అడిగే పద్ధతి మీద ఒక పూట కూడా కేటాయించని శిక్షణ షెడ్యూళ్లు ఇప్పటికీ నా చేతికొస్తున్నాయి.

నెట్ సిగ్నల్ లేక ఏఎన్ఎం వివరాలు రిజిస్టర్లో రాసుకుంది. రాత్రి ఇంటికెళ్లి, పిల్లలకు అన్నాలు పెట్టాక యాప్‌లో ఎక్కిస్తుందట. దీన్ని శిక్షణ లోటు కింద రాస్తే అన్యాయం. రిజిస్టరా, యాపా, ఏదో ఒకటే చాలని పైవాళ్లు తేల్చాల్సిన సంగతి ఇది.

అసలు లోటు బీపీ దగ్గర కనపడింది. నడిచొచ్చిన మనిషిని ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టలేదు. పట్టీ చీర జాకెట్టు చేతి మీదే చుట్టింది. చేయి కిందకి వేలాడుతోంది, మాటలు నడుస్తున్నాయి. మిషన్ చూపిన అంకెను యాప్ నోరెత్తకుండా తీసుకుంది. ఇదే అమ్మాయి ఆ 1 నుంచి 7 మార్కుల ప్రశ్నావళిలో బీపీ చూడటానికి తనకు తాను 7 వేసుకుంది. మనసులో అబద్ధమేమీ లేదు. తప్పు చేస్తున్నట్టు తెలియని చోట ఎవరైనా పూర్తి మార్కులే వేసుకుంటారు. తప్పు అంకె సర్వర్‌కి ఎక్కాక అది జిల్లా లెక్క అవుతుంది, ఆ లెక్కను బట్టి మందుల ఇండెంట్ అవుతుంది.

మరి శిక్షణ ఏఎన్ఎంకేనా? మెడికల్ ఆఫీసర్లు తెర మీద చూసేది ఎన్ని నమోదులయ్యాయన్నది. బీపీ ఎక్కువుందని తేలి, మళ్లీ మందులకు రానివాళ్లెవరన్నది చూసేవాళ్లు తక్కువ. తెలంగాణతో కలిపి ఐదు రాష్ట్రాల్లో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో వాడిన 'సింపుల్' యాప్, గడువు దాటినవాళ్ల జాబితానే ముందుకు తెచ్చి ఫోన్ చేయమంటుంది. ఆ జాబితా ఎలా చదవాలో, ఎవరికి ముందు ఫోన్ చేయాలో డాక్టర్లకూ నేర్పాలి. ఈసారి పంపిన ప్రతిపాదనలో వాళ్లకు ఒక పూట అడిగాను. ఏఎన్ఎంలకు యాప్ క్లాసు సగానికి కుదించి, మిగతా సమయం బీపీ పట్టీకి, గుమ్మం ముందు చెప్పాల్సిన ఆ మూడు ముక్కలకి ఇచ్చాను.