తాడిపత్రి మాయకు తగిన డిస్కు

పెన్న ఒడ్డున తాడిపత్రిలో 1912లో పుట్టిన కదిరి వెంకటరెడ్డి సినిమా లోకంలో కె.వి.రెడ్డి అయ్యారు. ఆయన తీసిన ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957), ‘జగదేకవీరుని కథ’ (1961) తెలియని తెలుగు ఇల్లు ఉండదు. అయితే నేడు నలభై, యాభై ఏళ్ల వయసున్న వాళ్లలో ఎక్కువమంది వాటిని మొదట చూసింది హాల్లో కాదు. బాడుగకు తెచ్చిన క్యాసెట్‌లోనో, వీసీడీలోనో, డీవీడీలోనో చూశారు. అంటే మనం అంతగా మెచ్చుకున్న బొమ్మ మన దగ్గరికి వచ్చేసరికే సగం రాలిపోయింది. ఇప్పుడు బ్లూ-రే అనే హైడెఫినిషన్ డిస్కు దొరుకుతోంది కదా, పాత సినిమాల కోసం దాని మీద డబ్బు పెట్టడం దండగా, దండగ కాదా? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు ఆ సినిమాల్లో పోగొట్టుకున్నదేమిటో చూడాలి.

వెలుతురుతో చేసిన పనితనం

ఈ మూడు చిత్రాలూ విజయా ప్రొడక్షన్స్ వారివి. తీసింది మద్రాసులోని వాహినీ స్టూడియోలో. ఆ స్టూడియో వెనుక బి.ఎన్.రెడ్డితో పాటు తాడిపత్రివాడే అయిన మూలా నారాయణస్వామి పెట్టుబడీ ఉంది. కె.వి.రెడ్డికి ఆయన స్నేహితుడు. కరువుసీమ డబ్బు, కరువుసీమ బుర్ర కలిసి తెలుగు తెర మీద ద్వారకనూ పాతాళాన్నీ నిలబెట్టాయన్నమాట.

కెమెరా మార్కస్ బార్ట్లీది. రంగుల్లేని సినిమాలో ఎరుపు చీర, ఆకుపచ్చ చీర రెండూ ఒకే బూడిద రంగులో పడవచ్చు. అందుకే మనిషిని గోడ నుంచి, నగను చీర నుంచి, జుట్టును చీకటి నుంచి విడదీయాల్సింది వెలుతురే. ముఖం మీద ఒక దీపం పడుతుంది. దాని నీడను మెత్తబరిచేందుకు ఎదురుగా ఇంకొకటి వెలుగుతుంది. భుజం, జుట్టు అంచు మెరిసేలా వెనక నుంచి మూడోది పడుతుంది. ఈ మూడింటి పాళ్లు మార్చుకుంటూ పోతే పాల తెలుపుకూ బొగ్గు నలుపుకూ నడుమ ఎన్నో మెట్లు పుడతాయి. బార్ట్లీ ప్రతిభ అంతా ఆ మెట్లలో ఉంది.

ఇక కె.వి.రెడ్డిది లెక్క తప్పని పద్ధతి. రిహార్సల్సులో స్టాప్‌వాచ్ పట్టుకుని సన్నివేశం ఎన్ని నిమిషాలు నడవాలో ముందే తేల్చుకునేవారు. ‘మాయాబజార్’ ద్వారక కోసం కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్ 50 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు స్థలంలో దాదాపు 300 బుల్లి ఇళ్లు కట్టించి, వాటికి దీపాలు పెట్టించారు. ‘జగదేకవీరుని కథ’లో శివశంకరి పాటకు ఒకే చట్రంలో పలువురు ఎన్టీఆర్‌లు కూర్చుని పాడుతూ వాయిస్తారు. ఆ రోజుల్లో ఇలాంటి ట్రిక్కుకు లెన్సులో కొంత భాగం మూసి ఒకసారి తీస్తారు. ఫిల్మును వెనక్కి చుట్టి, మూసింది తెరిచి, తీసింది మూసి మళ్లీ తీస్తారు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా మొత్తం పాడైపోతుంది. కంప్యూటర్ లేని కాలంలో ఇదంతా చేతి పని.

డెక్కు బాడుగ రోజులు

జపాన్‌లో జేవీసీ కంపెనీ 1976లో తెచ్చిన వీహెచ్‌ఎస్ క్యాసెట్టు 1980ల్లో మన పల్లెలకు చేరింది. అనంతపురం జిల్లాలో చెనక్కాయల పంట చేతికొచ్చిన ఏడు పెళ్లికో దేవరకో కలర్ టీవీ, డెక్కు, మూడు నాలుగు క్యాసెట్లు బాడుగకు తెచ్చి వీధిలో పెట్టేవారు. వోల్టేజి పడిపోకుండా స్టెబిలైజర్ ఒకటి పక్కన గుయ్యిమంటూ ఉండేది. కరెంటు పోతే ఊరంతా అలాగే కూర్చుని ఎదురుచూసేది.

ఆ క్యాసెట్టులో అడ్డంగా లెక్కిస్తే విడివిడిగా కనిపించే గీతలు 240 దాకా మాత్రమే. రంగుల్ని అది మరీ అలికేసేది కాబట్టి నలుపు తెలుపు సినిమాకు ఆ బెడద తక్కువ. కానీ ఒక క్యాసెట్టు నుంచి ఇంకొకటి, దాని నుంచి మరొకటి దించేకొద్దీ బూడిద రంగు మెట్లు ఒక్కొక్కటే పోయి బొమ్మ బొగ్గూ సున్నమూ అయ్యేది. పైగా అరిగిపోయిన హాలు ప్రింటును వీడియోకెక్కిస్తే దాని గీతలు కూడా దిగేవి. ఆకాశం నుంచి కురవని వాన తెర మీద మాత్రం మూడు గంటలూ కురిసేది.

వీసీడీ, డీవీడీ: అంకెల్లో తేడా

1993లో వచ్చిన వీసీడీలో మన టీవీల పాల్ పద్ధతిలో ఒక్కో చట్రం 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. అంటే దాదాపు లక్ష చుక్కలు. 1996లో జపాన్‌లో మొదలైన డీవీడీలో 720, 576. అంటే నాలుగు లక్షల పైచిలుకు. పాత సినిమాల చట్రం దాదాపు చదరం, నేటి టీవీ వెడల్పు. అందుకే బ్లూ-రేలో రెండు పక్కలా నల్లపట్టీలు పోను 1440, 1080 మిగులుతాయి. అంటే పదిహేనున్నర లక్షలు. వీసీడీ మీద పదిహేను రెట్లు, డీవీడీ మీద నాలుగు రెట్లకు కాస్త తక్కువ.

ఈ పెరుగుదల లేజరు చలవ. సీడీని చదివే పరారుణ కిరణం తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు, డీవీడీది 650, బ్లూ-రే నీలి కిరణానిది 405. కిరణం ఎంత సన్నగా ఉంటే గుంటలు అంత దగ్గరగా తొలవవచ్చు. అందుకే అదే కొలత పళ్లెంలో డీవీడీకి 4.7 లేదా 8.5 గిగాబైట్లు పడితే బ్లూ-రేకి 25 లేదా 50 పడతాయి.

చుక్కల కంటే ముఖ్యమైనది ప్రతి సెకనుకు బొమ్మకు దక్కే సమాచారం. 184 నిమిషాల ‘మాయాబజార్’ వీసీడీలో మూడు పళ్లేలు పడుతుంది. సెకనుకు దక్కేది 1.15 మెగాబిట్లు. ఒంటి పొర డీవీడీలో ఇరికిస్తే మూడున్నరకు దగ్గర, రెండు పొరల డీవీడీ అయితే ఆరు, రెండు పొరల బ్లూ-రే అయితే 36 దాకా ఇవ్వవచ్చు. ఒకే డీవీడీలో మూడు సినిమాలు అని అమ్మినవాటిలో ఒక్కో సినిమాకు రెండు మెగాబిట్లు కూడా గగనమే. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మి సినిమాను ప్రతి కిరాణా కొట్టుకూ చేర్చింది. మేలు చేసిన మాట నిజమే. ఆ చౌక బజారుకే అలవాటుపడి మనం బొమ్మ నాణ్యం గురించి అడగడం మానేశామన్నదీ నిజమే.

ఒక్క పాటలో చూద్దాం

‘మాయాబజార్’లోని లాహిరి లాహిరి పాట తీసుకోండి. వెన్నెల్లో పడవ, అందులో శశిరేఖ (సావిత్రి), అభిమన్యుడు (అక్కినేని). ఆ వెన్నెల బార్ట్లీ పుట్టించింది. చాలా భాగం స్టూడియోలో తీసిందే. నీటి మీద మెరుపు, వెనక ఆకుల నీడ, సావిత్రి చెంప మీద పలచటి వెలుగు: ఈ మూడూ కలిస్తేనే అది వెన్నెల.

వీసీడీకి నీటి అలలంటే శత్రువు. ఒక చట్రానికీ తర్వాతి చట్రానికీ ఏం మారిందో మాత్రమే రాసుకుని చోటు మిగుల్చుకోవడం దాని పద్ధతి. అలల్లో ప్రతి చుక్కా కదులుతుంది కాబట్టి అది చేతులెత్తేస్తుంది. నీరు చతురస్రాలుగా విరిగిపోతుంది. మంచి డీవీడీలో నీరు నీరులాగే ఉంటుంది గానీ దూరపు ఆకులు ముద్దగా కనిపిస్తాయి. ఫిల్ము నుంచి నేరుగా చేసిన హైడెఫినిషన్‌లో ఆకులు విడివిడిగా తేలుతాయి, నగ మెరుపు చెంప మెరుపు నుంచి విడిపోతుంది, ఫిల్ము రేణువులు సన్నగా కదులుతూ కనిపిస్తాయి. ఆ రేణువులు దోషం కాదు. వాటిని కంప్యూటర్‌తో తుడిచేస్తే మనుషులు మైనపు బొమ్మలవుతారు.

పాట విషయమూ ఉంది. సినిమా సెకనుకు 24 చట్రాలు, పాల్ పద్ధతి 25. అందుకోసం కాస్త వేగం పెంచేస్తారు. 184 నిమిషాల సినిమా 177లో అయిపోతుంది. శ్రుతి సరిచేయకపోతే ఘంటసాల గొంతు అర స్వరానికి కాస్త తక్కువగా పైకెక్కుతుంది. బ్లూ-రే 24 చట్రాలనే ఉన్నదున్నట్టు చూపగలదు.

అసలు సంగతి మూలం

ఇంతా చెప్పి ఇప్పుడు అసలు మాట. పళ్లెం ఎంత పెద్దదైనా అందులో పోసింది పలచనైతే లాభం లేదు. నెగెటివ్ నుంచి మాస్టర్, దాని నుంచి డూప్, దాని నుంచి హాలు ప్రింటు: ఒక్కో మెట్టు దిగేకొద్దీ వివరం తగ్గుతుంది. కెమెరా నెగెటివ్‌లో 4కె స్థాయి వివరం ఉంటే, అరిగిన హాలు ప్రింటులో అందులో సగమూ మిగలదు. పాత టేపును సాగదీసి బ్లూ-రే మీదకెక్కిస్తే అది నీలి డబ్బాలో పెట్టిన క్యాసెట్టే.

మన నెగెటివ్‌లు దశాబ్దాల పాటు మద్రాసులో, ఏడాదికి 1,400 మిల్లీమీటర్ల వాన కురిసే సముద్రతీరంలో ఉన్నాయి. అసిటేటు ఫిల్ముకు తేమ, వేడి రెండూ యముళ్లు. తేమ తగిలితే పులిసి, వెనిగర్ వాసన కొట్టి, ముడుచుకుపోతుంది. దర్శకుడి సొంత జిల్లా అనంతపురంలో కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లే. ఫిల్ముకు బూజు పట్టని పొడి గాలి ఇక్కడ పుష్కలం. వేసవి ఎండ ఒక్కటి కాచుకుంటే చాలు. ఈ సీమ వాళ్ల బీరువాల్లో క్యాసెట్లు బూజు పట్టకుండా మిగిలి ఉంటే అందుకు మన కరువునే మెచ్చుకోవాలి.

2010 జనవరిలో ‘మాయాబజార్’కు రంగులద్ది, వెడల్పు తెరకు మార్చి విడుదల చేశారు. జనం విరగబడి చూశారు. ఆ పని వల్ల సినిమా కొత్త తరానికి చేరింది. కానీ వెడల్పు కోసం చట్రం పైనా కిందా కోత పడుతుంది. బార్ట్లీ వెలుతురుతో విడదీసినదాన్ని రంగు మళ్లీ విడదీయబోయి అదనపు మాట చెప్పినట్టవుతుంది. అసలు రూపం కావాలనుకునేవారికి నలుపు తెలుపు, చదరపు చట్రమే మూలం. 2024లో అక్కినేని శతజయంతికి ‘మాయాబజార్’, ‘మిస్సమ్మ’, ‘దేవదాసు’ దేశంలోని పలు నగరాల్లో మళ్లీ హాళ్లకొచ్చాయి. మంచి మూలం దొరికితే చూసేవాళ్లకు కొదవ లేదని అప్పుడు తేలింది.

కొనాలా, వద్దా?

ముందు మీ టీవీ, మీ కుర్చీ కొలుచుకోండి. 32 అంగుళాల టీవీని పది అడుగుల దూరం నుంచి చూస్తే మంచి డీవీడీకీ బ్లూ-రేకీ చుక్కల తేడా కంటికి అందదు. 55 అంగుళాల టీవీని ఏడెనిమిది అడుగుల నుంచి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. టీవీ సెట్టింగులో బొమ్మను సాగదీయడం ఆపండి. భారీకాయుడైన ఎస్వీ రంగారావు ఆ సాగుడును భరిస్తారేమో గానీ సావిత్రి భరించలేరు. అమెరికాలోని బంధువులకు పంపేవారు రీజియన్ చూసుకోవాలి. బ్లూ-రేకి అక్కడ ఎ, ఇక్కడ సి.

డబ్బా వెనక నెగెటివ్ నుంచో మాస్టర్ నుంచో కొత్తగా స్కాన్ చేశామని రాసి ఉంటే, డీవీడీ ధరకు రెండు మూడింతలైనా ఇచ్చి కొనండి. ఆ మాట లేకుండా ‘హెచ్‌డీ’ అని మాత్రమే ఉంటే డబ్బు జేబులోనే ఉంచుకోండి. పాత వీసీడీలు, డీవీడీలు పారేయకండి. తర్వాతి ప్రతుల్లో కత్తిరించిన పాటో సన్నివేశమో వాటిలో మిగిలి ఉండవచ్చు. బ్లూ-రే ప్లేయరు డీవీడీలను కూడా ఆడిస్తుంది కాబట్టి రెండూ ఒకే యంత్రంతో గడుస్తాయి.

వాహినీ దీపాల కింద కష్టపడ్డవాళ్ల పనితనం పూర్తిగా కనబడాలంటే హైడెఫినిషన్ కావాల్సిందే. ద్వారక బుల్లి ఇళ్ల అతుకులు అందులో బయటపడితే పడనీ. ఎలా చేశారో నేర్చుకునే కుర్రాడికి ఆ అతుకే పాఠం. నాణ్యమైన ప్రతిని డబ్బిచ్చి కొనేవాళ్లు ఉన్నారని లెక్కల్లో కనబడితేనే హక్కులున్నవాళ్లు నెగెటివ్ డబ్బాలు తెరిచి స్కానుకు ఖర్చు పెడతారు. అందుకే మంచి డిస్కు కొనడం సరదా ఒక్కటే కాదు, తర్వాతి సినిమా బతకడానికి మనం కట్టే వాటా కూడా.