పడటం నీ పని

పడు. విమానం కడుపులోంచి పడు. హెలికాప్టర్ కొక్కెం వదలగానే పడు. మంటలు కక్కే రాకెట్ కొసనుంచి విడివడి బంగాళాఖాతంలో పడు. మనిషి కూర్చోవాల్సిన చోట ఉత్త బరువును మోసుకుని పడు. మనుషుల్ని అంతరిక్షానికి పంపబోయే గగన్‌యాన్‌కు మాక్-అప్‌వి నువ్వు, ఎవరూ ఎక్కని నౌకవి. ఎక్కబోయేవాళ్లకు తగలాల్సిన దెబ్బలన్నీ ముందే నీ ఒంటిమీద వేయించుకునేదానివి. నీకు దండం.

నీ పెద్దక్క పుట్టిల్లు బెంగళూరు. ఇక్కడి హెచ్‌ఏఎల్ పనివాళ్లు అల్యూమినియం మిశ్రమంతో ఆమె దేహం కట్టి, 2014 ఫిబ్రవరిలో ఇస్రోకు అప్పగించారు. 3.1 మీటర్ల వెడల్పు, 2.7 మీటర్ల ఎత్తు. ఆ డిసెంబరు 18న ఎల్‌వీఎం3 రాకెట్ ఆమెను 126 కిలోమీటర్ల ఎత్తున వదిలింది. ఒళ్లు కాల్చుకుంటూ గాలిని చీల్చుకుని, పారాచూట్లు విప్పుకుని, అండమాన్ దిక్కున నీళ్లలో దిగింది. లోపల ఎవరూ లేరు. 2019లో మానవ అంతరిక్షయాన కేంద్రం కూడా ఈ ఊళ్లోనే వెలిసింది. నువ్వు ఎక్కడ పడినా లెక్క ఇక్కడికి చేరుతుంది.

నీ రూపాలు ఎన్నని! ఒక చోట బరువు మాత్రమే నువ్వు. మరో చోట బరువూ ఆకారమూ. బెంగళూరు శిక్షణ కేంద్రంలో సీట్లూ మీటలూ ఉండి, గోడలు దాటి ఎక్కడికీ కదలనిదానివి. అయినా నీలో అబద్ధం లేదు. సముద్రానికి నీ పేరుతో పనిలేదు, గాలి నీ లోపలికి తొంగిచూడదు. వాటికి తెలిసింది నీ బరువు, నీ ఆకారం, నీ గురుత్వ కేంద్రం ఎక్కడుందన్నది. ఆ మూడూ సరిగ్గా ఉంటే అసలు నౌకను ఎలా కొడతాయో నిన్నూ అలాగే కొడతాయి. ఆ నిజాయితీ కోసమే నిన్ను తయారుచేస్తారు.

2018 జులై 5, శ్రీహరికోట. ప్రయోగ వేదిక మీదే ప్రమాదం ముంచుకొచ్చిందనుకుని నిన్ను పైకి లాగేశారు. నువ్వూ నిన్ను లాక్కుపోయే మోటార్లూ కలిపి 12.6 టన్నులు. 259 సెకన్లలో అంతా అయిపోయింది, తీరానికి 2.9 కిలోమీటర్ల దూరాన తేలావు. 2022 నవంబరు 18న ఝాన్సీ దగ్గరి బబీనాలో నీకు ఆకారం కూడా లేదు, 5 టన్నుల మొద్దువి. పెద్ద పారాచూట్లలో ఒకటి విచ్చుకోకపోతే ఏమవుతుందో చూడాలని ఐఎల్-76 విమానం నిన్ను రెండున్నర కిలోమీటర్ల ఎత్తు నుంచి జారవిడిచింది.

2023 అక్టోబరు 21 దగ్గర మాత్రం కాసేపు నిలబడాలి. ఆ ఉదయం 5 సెకన్లు మిగిలి ఉండగా కంప్యూటర్ ప్రయోగాన్ని ఆపేసింది. లోపం సరిచేసి పది గంటలకు మళ్లీ వదిలారు. శబ్దవేగాన్ని మించి దూసుకుపోతున్న రాకెట్ నుంచి నిన్ను తప్పించారు. 17 కిలోమీటర్ల ఎత్తున విడివడ్డావు, పారాచూట్లు విప్పుకున్నావు, నీళ్లను తాకావు. అంతా అనుకున్నట్టే. తీరా ఐఎన్ఎస్ శక్తి నావికులు దగ్గరికొచ్చి చూస్తే తలకిందులుగా తేలుతున్నావు. ఇన్ని పరీక్షల్లో నువ్వు చెప్పిన అతి విలువైన మాట నాకు అదే. ఆ క్షణంలో లోపల బెల్టులకు కట్టుబడి ముగ్గురు ఉండి ఉంటే! అల పైన, తల కింద, తలుపు నీళ్లలో. వాళ్లకు రావాల్సిన ఆ కష్టం నీకు వచ్చింది. అందుకే గాలితో ఉబ్బి నౌకను నిటారుగా నిలబెట్టే తిత్తుల మీద అంత శ్రద్ధ.

విశాఖ నీకు ఈత నేర్పిన ఊరు. 2023 జులైలో నేవల్ డాక్‌యార్డులో నిన్ను నీళ్లలో వదిలి, తాళ్లు తగిలించి, లాగి, ఎత్తి నావికులు చెయ్యి తిరిగేలా సాధన చేశారు. మరుసటి ఏడు డిసెంబరులో సముద్రం మీదే ఓడ వెనుక గదిని నీటితో నింపి, నిన్ను అందులోకి లాక్కుని, నీళ్లు తోడేశారు. అలసిన వ్యోమగామి నడిసముద్రంలో బయటికి రానక్కర్లేకుండా ఓడలోనే తలుపు తీసుకోవాలని ఆ ఆరాటం. 2025 ఆగస్టు 24న చినూక్ హెలికాప్టర్ 3 కిలోమీటర్ల పైనుంచి నిన్ను వదిలింది, అప్పటికి నీ బరువు 4.8 టన్నులు.

నీకు లోకమంతా చుట్టాలున్నారు. అపోలో కాలపు మాక్-అప్ ఒకటి సాధనలో సముద్రం పాలై సోవియట్లకు దొరికింది. 1970లో మూర్మన్‌స్క్ రేవులో వాళ్లు దాన్ని అమెరికన్లకు తిరిగి ఇచ్చేశారు. ప్రచ్ఛన్నయుద్ధపు రోజుల్లో ఉత్త డొల్లకు దక్కిన మర్యాద అది!

నాదొక కోరిక. నీ పని పూర్తయ్యాక నిన్ను పాత ఇనుముకు వేయకూడదు. కస్తూర్బా రోడ్డు మీది విశ్వేశ్వరయ్య మ్యూజియంలో, పిల్లలకు అందే ఎత్తులో నిలబెట్టాలి. సొట్టలు సాపు చేయొద్దు, ఉప్పు మరకల మీద రంగు వేయొద్దు. మారతహళ్లి నుంచి వచ్చే మన తెలుగు పిల్లలూ జయనగర్ నుంచి వచ్చే కన్నడ పిల్లలూ ఆ సొట్టల్లో వేళ్లు పెట్టి చూడాలి. ఇదెక్కడ తగిలిందని అడిగితే, తేదీతో సహా చెప్పే మనిషి పక్కనే ఉండాలి.