కెమెరాకు చిక్కని పులుల లెక్క

అడవిలో పులులెన్ని ఉన్నాయో తెలుసుకోవడానికి మన దేశం దశాబ్దాలపాటు అడుగుజాడల మీదనే ఆధారపడింది. ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి 1966లో రూపొందించిన పద్ధతిలో సిబ్బంది పులి వెనుకకాలి ముద్రపై గాజుపలక ఉంచి, ఆ రూపురేఖలను కాగితం మీదికి దించుకొని, ఏ ముద్ర ఏ పులిదో తేల్చేవారు. కానీ ఒకే పులి పాదం తడిమట్టిలో ఒక తీరుగా, ఇసుకలో మరో తీరుగా పడుతుంది. అంతకన్నా పెద్ద లోపం, జాడ దొరకని పులులు ఎన్ని ఉంటాయో అంచనా కట్టే మార్గమే ఆ పద్ధతిలో లేకపోవడం. కాగితాలపై పులులున్న రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో నిజానికి ఒక్కటీ మిగలలేదని 2005లో బయటపడ్డాక, పాత లెక్కలపై నమ్మకం పూర్తిగా సడలిపోయింది.

దీనికి ప్రత్యామ్నాయం అప్పటికే కర్ణాటకలోని నాగరహొళె అడవిలో సిద్ధమై ఉంది. చేపల లెక్క కోసం డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు పీటర్సన్, బాతుల లెక్క కోసం అమెరికా శాస్త్రజ్ఞుడు లింకన్ వాడిన సూత్రాన్ని వన్యప్రాణి శాస్త్రజ్ఞుడు కె. ఉల్లాస్ కారంత్ 1990ల తొలినాళ్లలో పులులకు అన్వయించారు. దీన్ని పట్టి, గుర్తుపెట్టి, మళ్లీ పట్టే పద్ధతి అనవచ్చు. అయితే పులిని పట్టనక్కరలేదు, దాని ఒంటి చారలే పుట్టుకతో వచ్చిన గుర్తులు కనుక, ఎదురుగా ఏదైనా కదలగానే దానంతటదే ఫొటో తీసే కెమెరా ట్రాప్ చాలు. మాటవరసకు, తొలి విడతలో 20 పులులు, మలి విడతలో 24 పులులు ఫొటోల్లో కనిపించి, వాటిలో 16 రెండు విడతల్లోనూ ఉన్నాయనుకుందాం. మలి విడత పులుల్లో మూడింట రెండు వంతులు పాతవే కాబట్టి, తొలి విడతలో పడిన 20 కూడా మొత్తంలో మూడింట రెండు వంతులేనని, అంటే అడవిలో సుమారు 30 పులులు ఉంటాయని ఊహించవచ్చు. ఒక్కసారైనా కెమెరాలో పడినవి 28 కనుక, ఎన్నడూ పడని రెండింటిని కూడా ఈ గణితం లెక్కలోకి తెస్తుంది. ఈ పద్ధతి గొప్పదనమంతా ఇక్కడే ఉంది.

అయితే ఈ ఊహ నిలవాలంటే కొన్ని షరతులు పాటించాలి. లెక్క సాగేంతకాలం చావుపుట్టుకలు, వలసలు దాదాపు లేవనుకోవాలి కనుక పనిని కొద్ది వారాల్లో ముగించాలి. పులి కుడి పక్క చారలకూ ఎడమ పక్క చారలకూ పోలిక ఉండదు కనుక బాటకు ఇరువైపులా జంటగా కెమెరాలు కట్టాలి. కృష్ణకు ఒకవైపు అమ్రాబాద్, మరోవైపు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యాలు ఉన్న నల్లమల వంటి చోట, రెండు రాష్ట్రాల ఫొటోలనూ కలిపి సరిపోల్చకపోతే ఒకే పులి రెండుసార్లు లెక్కకెక్కే ప్రమాదం ఉంటుంది. ఇంత జాగ్రత్త తీసుకున్నా ఫలితం అంచనాయే అవుతుంది. 2022 నాటి జాతీయ లెక్కలో సగటున 3,682, తక్కువలో తక్కువ 3,167, ఎక్కువలో ఎక్కువ 3,925 అని ప్రకటించారు. పత్రికలు సాధారణంగా ఒక్క అంకెనే పట్టుకుంటాయి గానీ, మిగిలిన రెండింటికీ అంతే విలువ ఉంది.

ఒక్కసారి చేసే లెక్క కన్నా ఏళ్ల తరబడి చేసే లెక్క ఎన్నో రెట్లు ఎక్కువ చెబుతుంది. నాగరహొళెలో తొమ్మిదేళ్ల ఫొటోల ఆధారంగా 2006లో వెలువడిన అధ్యయనం 74 పులులను విడివిడిగా గుర్తించి, ఒక ఏడాది ఉన్న పులుల్లో మరుసటి ఏటికి మిగిలేవి సుమారు 77 శాతమేనని తేల్చింది. తక్కినవి చనిపోయి ఉండవచ్చు, వేరే అడవికి తరలిపోయి ఉండవచ్చు, ఫొటోలు ఆ తేడాను చెప్పలేవు. అయినా ఆ జనాభా సగటున ఏటా సుమారు 3 శాతం చొప్పున పెరుగుతున్నట్లే కనిపించింది. దాదాపు పావువంతు పులులు ఏటా కనుమరుగవుతున్నా ఖాళీలు నిండుతున్నాయంటే, అక్కడ పిల్లలు బతికి ఎదగడానికి చాలినంత ఆహారం ఉందన్నమాట.

అందుకే పులుల అధ్యయనం దుప్పులు, కణితులు, అడవిదున్నల లెక్కతో ముడిపడి ఉంటుంది. పరిశీలకులు అడవిలో ముందే గీసుకున్న తిన్నని దారుల్లో నడుస్తూ, కనబడిన ప్రతి మంద తమ దారికి ఎంత దూరంలో ఉందో కొలుస్తారు. దూరం పెరిగేకొద్దీ పొదల చాటున తప్పిపోయే జంతువులు ఎక్కువవుతాయి కనుక, ఆ తగ్గుదల తీరును బట్టి కంటపడనివాటిని అంచనా వేస్తారు. పులి ఏడాదికి సుమారు యాభై పెద్ద జంతువులను తింటుందనీ, తన పరిధిలోని మందల్లో దాదాపు పదోవంతును మాత్రమే తీసుకుంటుందనీ పరిశోధకులు లెక్కగట్టారు. ఆ ప్రకారం ఒక్క పులి నిలదొక్కుకోవాలంటే ఐదు వందల దాకా దుప్పులూ కణితులూ ఉండాలి. ఉచ్చుల వల్లనో పశువుల మేత వల్లనో ఈ మందలు పలచబడ్డ అడవిలో, పులి జోలికి వేటగాళ్లు పోకపోయినా, కొన్నేళ్లకు కెమెరాల్లో కొత్త చారలు కనిపించడం తగ్గిపోతుంది.