పట్టాల వెంట నడిచే మనిషి

అరకు రైలెక్కితే అందరి చూపూ లోయ మీదే. బొడ్డవర దాటగానే ఘాట్ మొదలు. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు... సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లల కేకలు. నేనూ పెట్టినవాణ్ణే. ఈమధ్య మాత్రం నా కళ్లు పట్టాల పక్కన ఒదిగి నిలబడి, రైలు వెళ్లేదాకా చూసే కీమాన్‌ని వెతుకుతున్నాయి.

1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపడానికి వేసిన దారి ఇది. బరువైన గూడ్సులు, మెలికలు, వానలు, మూడూ పట్టాలను నలిపేవే. భుజాన సంచి, చేతిలో సుత్తితో కీమాన్ తన బీటంతా నడుస్తాడు. ఊడొచ్చిన క్లిప్పును కొట్టి బిగిస్తాడు, వదులైన బోల్టు తిప్పుతాడు, వెంట్రుకంత పగులు కోసం వంగి చూస్తాడు. పగులు కనబడితే రైలును ఆపడానికి ఎర్రజెండా, పట్టాల మీద పెట్టే పటాసులు ఆ సంచిలోనే. వానాకాలం రాత్రి గస్తీ మరీ కష్టం. కొండ మీంచి బండ జారిందేమోనని టార్చి వెలుగులో చూసుకుంటూ పోవాలి. అద్దాల పెట్టెలో సీటు దొరకలేదని గొణిగే మనకు ఇవేం తెలుస్తాయి!

ఈసారి 996 మీటర్ల ఎత్తునున్న శిమిలిగూడ చేరేలోగా నారింజరంగు చొక్కా కనబడితే, ఫోను పక్కన పెట్టి ఒక్కసారి చెయ్యి ఊపండి.