పానగోష్ఠియు సంగీతవిమర్శయు

విమర్శకుఁడు కృతి నేకాంతమునఁ బరిశీలించి తీర్పు చెప్పవలె నని పెద్దల మతము. ఇంగ్లండు దేశమున రాక్ సంగీతవిమర్శ యీ మార్గము వీడి గోష్ఠియందుఁ బెరిగిన కాల మొకటి గలదు. పంక్ సంగీతపుఁ దొలి యావేశము చల్లాఱిన పిదప 1978 మొదలు 1984 వఱకు నడచిన యా కాలమును బోస్ట్‌పంక్ యుగ మందురు. సైమన్ రెనాల్డ్సు 2005లో వెలువరించిన చరిత్రగ్రంథమునకు నవియే యెల్లలు.

న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్, మెలొడీ మేకర్, సౌండ్స్ అను మూఁడు వారపత్రికలు నాఁడు లండనునందుఁ బోటీపడుచుండెను. వాని రచయితలకుఁ బబ్బు లనఁబడు పానశాలలు రెండవ కార్యాలయమువంటివి. సంగీతమును నచ్చటనే వినఁబడుచుండెను. జాయ్ డివిజన్ బృందము లండనునందుఁ దొలిసారి పాడినది యిజ్లింగ్టనులోని హోప్ అండ్ యాంకర్ పబ్బు నేలమాళిగలోనే. అది 1978 డిసెంబరు 27వ తేది. వినుచోటు, త్రాగుచోటు, వాదించుచోటు నొక్కటియే యయ్యెను. నాఁటి శాసనముచేఁ బబ్బులు మధ్యాహ్నవేళఁ గొన్ని గంటలు మూయవలసి యుండెను. వారపు దినములకు నీ నిర్బంధము 1988లోఁ గాని తొలఁగలేదు. ఆ నడిమి వేళ మాట తెగనివారికిఁ గాఫీశాలయే దిక్కు.

ఇట్టి గోష్ఠి యా నగరమునకుఁ గ్రొత్తది గాదు. రిచర్డు స్టీలు 1709లో స్థాపించిన ట్యాట్లరు పత్రిక కవిత్వచర్చను విల్సు కాఫీశాల పేరను, విద్యావిషయములను గ్రీషియన్ కాఫీశాల పేరను బ్రకటించెను. అయినను స్టీలు ఆ మాటలను గాఫీశాల నెఱుఁగని చదువరికిని సుబోధము గావించెను. పోస్ట్‌పంక్ విమర్శకులలో నీ గుణ మెంత?

వాత్స్యాయనుఁడు నాగరకవృత్తమున గోష్ఠిని, సమాపానకమును జెప్పి, గోష్ఠియందుఁ గేవల సంస్కృతమునఁ గాని కేవల దేశభాషఁ గాని మాటలాడనివాఁడే లోకమున మన్ననఁ గాంచు నని శాసించెను. న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ రచయితల కీ కొలఁది చక్కఁగా సరిపడును. 1976లోఁ జేరిన జూలీ బర్చిల్, టోనీ పార్సన్సులు వీథిభాషలోని తిట్టువైపు మొగ్గిరి. పిమ్మట నింపైన పాల్ మోర్లీ, ఇయన్ పెన్మనులు బార్తు, డెరిడా మున్నగు ఫ్రెంచి తాత్త్వికుల పరిభాషవైపు మొగ్గిరి. ఒకరు దేశభాషకు, వేఱొకరు సంస్కృతమునకు వశులైరి. బల్లచుట్టుఁ గూర్చుండినవారికి సూచన చాలును. దూరపు పట్టణమున నొంటిగాఁ జదువు బాలునకుఁ జాలదు.

అయినను బెన్మన్, మోర్లీల దుర్బోధత కేవల డంబము గాదు. స్క్రిట్టి పొలిట్టి బృందము 1982లో డెరిడా పేరనే పాట వెలువరించెను. పాటయే తత్త్వమును బలుకఁగా విమర్శ దానిని విడుచు టెట్లు? క్రొత్త నాదమునకుఁ బాత మాటలు చాలమి వారి యిడుమకు మూలము. అర్థము తెలియకున్నను నా వ్రాఁతలవలన గ్రంథాలయములకుఁ బోయి యా తాత్త్వికులను వెదకిన చదువరులును గలరు.

గోష్ఠివలనఁ గలుగు వేఱొక కీడు నైకట్యము. మోర్లీ 1983లో ట్రెవర్ హార్న్, జిల్ సింక్లెయిరులతోఁ గూడి జెడ్.టి.టి. యను రికార్డుల సంస్థను స్థాపించి, తీర్పరి స్థానమునుండి నిర్మాత స్థానమునకుఁ బోయెను. ఇది తప్పు గాదు. కాని యొకే బల్లకడఁ గూర్చున్నవారిలోఁ దీర్పరి యెవఁడో, వాది యెవఁడో తెలియ దనుటకు నిదర్శనము.

సౌండ్స్ 1991లో నంతరించెను. మెలొడీ మేకర్ 2000లోఁ దన పోటీపత్రికలో లీనమయ్యెను. ఆ పత్రికయు 2018లో వారపు ముద్రణము మానెను. నాఁటి గోష్ఠులు చెదరినవి, వ్రాఁతలు మిగిలినవి. ఆ బల్లకడ నెన్నఁడును గూర్చుండనివానికి నేఁడు తెలియు నంతయే వానిలోని విమర్శ, తక్కినది సంభాషణము. గోష్ఠి విమర్శకుఁ బుట్టినిల్లు కాఁదగును గాని, తీర్పు వ్రాయునపుడు విమర్శకుఁడు బల్ల విడిచి లేవవలెను.