రసీదు లేని ఫీజు

ఫ్యామిలీ కోర్టులో ప్రాక్టీసు చేసేవాళ్ల దగ్గరికి రెండు రకాల మనుషులు వస్తారు. కాపురం చెడి వచ్చేవాళ్లు ఒక రకం. కాపురం ఎప్పుడో చెడి, ఇప్పుడు లాయరుతో కూడా చెడి వచ్చేవాళ్లు రెండో రకం. మొదటి రకం వాళ్లు కూర్చోగానే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. రెండో రకం వాళ్లకు అవి ఎప్పుడో ఇంకిపోయి ఉంటాయి. "మేడం, పాత లాయరు గారు కట్ట ఇవ్వనంటున్నారు" అని మొదలుపెడతారు.

కట్టంటే కేసు కట్ట. పిటిషన్ నకలు, దానికి జవాబుగా వేసే కౌంటరు, శుభలేఖ, పెళ్లి ఫొటోలు, బంగారం కొన్న బిల్లులు, పిల్లల స్కూలు ఫీజు రసీదులు అన్నీ అందులోనే ఉంటాయి. దాని మీద బాకీ ఉందట. ఎంత అంటే చెప్పలేరు. ఇప్పటిదాకా ఎంత ఇచ్చారంటే అదీ చెప్పలేరు. శుభలేఖకు కూడా ఎగ్జిబిట్ నంబరు పడుతుంది గానీ, కేసు నడిపించిన డబ్బుకు మాత్రం ఎక్కడా కాగితం ఉండదు.

ఈ మధ్య విజయవాడలో నా ఆఫీసుకు ఒక పెద్దాయన వచ్చారు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. కూతురి కేసు. ఆయన మాత్రం లెక్క చెప్పగలరు. "బస్సులో టికెట్ల లెక్కకు ఎస్ఆర్ రాసినట్టు రాశానమ్మా" అంటూ పొడుగాటి నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టారు. ఓపీ, అంటే అసలు పిటిషన్, వేసినందుకు 15,000. టైపింగు 1,200. నోటీసు బత్తా 300. ఎంసీ, అంటే మనోవర్తి కేసు, వేసినందుకు మళ్లీ 10,000. అక్కణ్నుంచి కిందికి వరసగా వాయిదా 1,000, వాయిదా 1,000, వాయిదా 1,000. ఒకచోట "జడ్జిగారు సెలవు, 1,000" అని ఉంది. ఇంకోచోట "లాయరు గారు రాలేదు, జూనియర్ అబ్బాయి వచ్చాడు, 500". ఫోన్‌పే చేసిన డబ్బు కొంత గుమాస్తా నంబరుకు వెళ్లింది, కొంత ఎవరిదో తెలియని నంబరుకు వెళ్లింది. రసీదు ఒక్కటీ లేదు.

ఆయన ఎవర్నీ తిట్టలేదు. "వాళ్లూ బతకాలమ్మా, తప్పు లేదు. కానీ టికెట్ కొట్టకుండా డబ్బు తీసుకుంటే మమ్మల్ని సస్పెండ్ చేసేవాళ్లు" అన్నారు.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆయన అడిగినదానికి మా వృత్తిలో రూలు లేకపోతే ఏదో ఒకటి చెప్పి ఊరుకునేదాన్ని. రూలు ఉంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల ప్రకారం క్లయింటు డబ్బుకు వకీలు లెక్క రాయాలి. వచ్చింది ఫీజు కిందా, ఖర్చుల కిందా అన్నది ఆ లెక్కలో విడిగా కనపడాలి. క్లయింటు అడిగితే, నకలు ఖర్చు పెట్టుకుంటే, ఆ లెక్క కాపీ ఇవ్వాలి. నల్లకోటు వేసుకున్న ప్రతివాళ్లకూ వర్తించే నియమం ఇది. మా కోర్టు ఆవరణలో దీన్ని ఎంతమంది పాటిస్తున్నారని మాత్రం నన్ను అడక్కండి.

ఫీజు మాట్లాడుకోవడంలో మా దగ్గర పద్ధతులు చాలానే ఉన్నాయి. వాయిదాకు ఇంత అని మాట్లాడుకుంటే, వాయిదాలు ఎన్ని పడితే వకీలుకు అంత ఆదాయం. కేసు తొందరగా తేలాలన్న కోరిక బల్లకు ఒకవైపే మిగులుతుంది. మొత్తం ఒకేసారి మాట్లాడుకుంటే, ముప్పాతిక భాగం పిటిషన్ వేసే రోజే వచ్చేస్తుంది గనక, క్రాస్ ఎగ్జామినేషన్ నాటికి జూనియర్ ఒక్కడే కోర్టు హాల్లో నిలబడి ఉంటాడు. ఇక ఒక్క పెళ్లిలోంచి ఎన్ని కేసులు పుడతాయో ఫ్యామిలీ కోర్టు చుట్టూ తిరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. విడాకులకో కాపురానికో ఓపీ, మనోవర్తికి ఎంసీ, గృహహింస కింద డీవీసీ, పోలీస్ స్టేషన్లో భారతీయ న్యాయ సంహిత 85 (పాత 498ఏ), దాన్ని కొట్టేయమని హైకోర్టులో క్వాష్, కేసు ఇంకో ఊరికి మార్చమని ట్రాన్స్‌ఫర్ పిటిషన్. అన్నీ అవసరమైన సందర్భాలు ఉంటాయి, కాదనను. కానీ ఏది ఎందుకు వేస్తున్నారో, ఒక్కోదానికి ఎంతవుతుందో ముందే చెప్పే వకీళ్లు తక్కువ.

ఇక్కడో తమాషా చెప్పాలి. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం, ఈ కోర్టులో వకీలును పెట్టుకోవడం కక్షిదారుకు హక్కుగా రాదు. మొగుడూ పెళ్లాం జడ్జి ముందు కూర్చుని మాట్లాడుకోవాలి, రాజీకి కోర్టు ప్రయత్నించాలి అన్నది ఆ చట్టం ఆశ. అందుకని వకీలు కావాలంటే అనుమతి కోరుతూ ఒక పిటిషన్ వేస్తాం. పెద్దాయన నోటుబుక్కులో ఆ పిటిషన్‌కు కూడా 500 రాసి ఉంది. వకీలు తాను రావడానికి కోర్టు అనుమతి అడిగినందుకు క్లయింటు దగ్గర డబ్బు తీసుకున్నాడన్నమాట.

భరణం వచ్చే కేసుల్లో ఇంకో పద్ధతి ఉంది. "ఇప్పుడేమీ ఇవ్వొద్దమ్మా, శాశ్వత భరణం వచ్చాక అందులో ఇంత పర్సంటేజీ ఇవ్వు" అనడం. చేతిలో పైసా లేని ఆడపిల్లకు ఆ క్షణాన అది దేవుడు పంపిన మాటలా వినిపిస్తుంది. అది నియమ విరుద్ధం. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోకూడదు, వచ్చినదాంట్లో వాటా అడగకూడదు. దీని మీద సుప్రీంకోర్టు 2017లో ఇచ్చిన తీర్పు మన తెలంగాణ నుంచి వెళ్లిన కేసే, బి.సునీత వర్సెస్ స్టేట్ ఆఫ్ తెలంగాణ. రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న ఆవిడకు నష్టపరిహారం వచ్చింది. అందులో ఫీజు కింద వకీలు చెక్కు తీసుకున్నాడు. అది బౌన్సయితే ఆవిడ మీదే చెక్కు కేసు పెట్టాడు. సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. అంతటితో ఊరుకోకుండా, వకీళ్ల ఫీజుల తీరు మీద చట్టం చెయ్యడం గురించి ఆలోచించమని కేంద్రానికి చెప్పింది. ఆ చట్టం ఇంకా రాలేదు.

కట్ట సంగతీ అంతే. ఫీజు బాకీ ఉందని కేసు కాగితాలు ఆపుకునే హక్కు వకీలుకు లేదని, అలా ఆపుకోవడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని సుప్రీంకోర్టు 2000లోనే ఆర్.డి. సక్సేనా కేసులో తేల్చింది. బాకీ నిజమైతే వసూలుకు వేరే దారులున్నాయి. అలాగే పాత వకీలు "నో అబ్జెక్షన్" రాయకపోతే కొత్త వకీలు రాలేడన్న భయం ఒకటుంది. ఆ సమ్మతి అడగాలన్న మాట నిజమే. ఇవ్వకపోతే కారణం చెప్పి కోర్టు అనుమతితో వకాల్తా వేయవచ్చు, ఆ మాటా అదే నియమంలో ఉంది. రెండో సగం మాత్రం క్లయింట్లకు ఎవరూ చెప్పరు.

మరి అన్యాయం జరిగితే ఎక్కడికి వెళ్లాలి? వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి 2024 మేలో మూసుకుపోయింది. వకీలు సేవ వినియోగదారుల చట్టం కిందికి రాదని సుప్రీంకోర్టు చెప్పింది. వకీలు మీద నేరుగా అజమాయిషీ చేసేది క్లయింటే, కనుక ఇది సొంత మనిషిని పెట్టుకున్నట్టే అన్నది ఆ తీర్పులోని ఒక కారణం. నేను వకీలునే కాబట్టి ఆ తీర్పు నాకూ రక్షణే. అయినా అజమాయిషీ అన్న మాట చదివినప్పుడు, గుమాస్తా ఎప్పుడు ఫోనెత్తుతాడా అని కోర్టు మెట్ల మీద కూర్చునే తల్లులు గుర్తొచ్చారు. ఇక మిగిలింది రాష్ట్ర బార్ కౌన్సిల్. అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద ఫిర్యాదు చేసుకోవచ్చు. ఏడాదిలో తేలకపోతే అది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు వెళ్తుంది. అంటే వకీలు మీద ఫిర్యాదు కూడా వాయిదాల వ్యవహారమే.

బిల్లు ఇచ్చేచోట అంతా బాగుంటుందనీ అనుకోవద్దు. అమెరికాలో విడాకుల కేసు నడుస్తూ, ఇక్కడ భార్య వేసిన కేసుకు నన్ను పెట్టుకున్న కుర్రాడొకడు అక్కడి లాయరు బిల్లు చూపించాడు. గంటను పది ముక్కలు చేస్తారు, ముక్కకు ఆరు నిమిషాలు. ఈమెయిల్ చదివినందుకు ఒక ముక్క, జవాబు రాసినందుకు రెండు. ఒక లైనులో, ఇతను "థాంక్యూ" అని పంపిన మెయిల్ చదివినందుకూ ఒక ముక్క పడింది. ఆ తర్వాత థాంక్యూలు మానేశానన్నాడు. డబ్బు పోయినా, ఎక్కడ పోయిందో అతనికి తెలుసు. అది ఎదిరించడానికి పనికొస్తుంది.

అక్కడా ఆ కాగితం ఊరికే రాలేదు. విడాకుల కేసుల్లో ఆడవాళ్లను లాయర్లు ఫీజుల పేరుతో ఎలా పిండుతున్నారో న్యూయార్క్ నగర వినియోగదారుల శాఖ 1992లో నివేదిక ఇచ్చింది. మరుసటి ఏడాదే ఆ రాష్ట్ర కోర్టులు కుటుంబ కేసులకు విడిగా నిబంధనలు తెచ్చాయి. క్లయింటు హక్కుల కాగితం ముందే చేతికివ్వాలి. ఫీజు ఒప్పందం రాతలో ఉండాలి. కనీసం 60 రోజులకోసారి పద్దుల వారీగా బిల్లు పంపాలి. తిరిగివ్వని అడ్వాన్సు తీసుకోకూడదు. అవన్నీ అక్కడి క్లయింట్లు గొడవపడి తెచ్చుకున్న నిబంధనలు.

మా వైపు మాట కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే రేపు బార్ రూములో నాకు కాఫీ పుట్టదు. "రెండు నిమిషాలే కదా మేడం నిలబడ్డారు" అంటారు. ఆ రెండు నిమిషాల కోసం ముందురోజు రాత్రి మూడేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు చదివి ఉంటాం. రాత్రి పదకొండింటికి "ఆయన వాట్సాప్ డీపీ మార్చాడు, కేసుకు పనికొస్తుందా" అని ఫోన్లొస్తాయి. డిక్రీ చేతికందగానే నంబరు బ్లాక్ చేసేవాళ్లు మగవాళ్లలోనూ ఉన్నారు, ఆడవాళ్లలోనూ ఉన్నారు. రాతలో ఒప్పందం ఉంటే ఆ బాకీలూ వసూలవుతాయి. రసీదు లేకపోవడం వల్ల నిజాయతీగా పనిచేసే వకీలే ఎక్కువ నష్టపోతున్నాడని నా అభిప్రాయం.

క్లయింట్లకు చెప్పేవి కొన్నే. ఆడవాళ్లకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా కోర్టులోనే ఆ సంస్థ ఆఫీసు ఉంటుంది, ఫోన్ నంబరు 15100. హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద, సొంత ఆదాయం చాలని భార్యయినా భర్తయినా కేసు ఖర్చులు అవతలివాళ్ల నుంచి కోరవచ్చు. పిటిషన్‌కు నంబరు పడగానే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు అడిగి రాసిపెట్టుకోండి. ఈకోర్ట్స్ యాప్‌లో అది కొడితే ఏ వాయిదాకు ఏం జరిగిందో మీకే కనిపిస్తుంది. పెద్దాయన కూతురు అలా చూసుకునే, తమ తరఫు కౌంటరు వాయిదా తర్వాత వాయిదాగా దాఖలు కాలేదని కనిపెట్టింది.

మా బార్ అసోసియేషన్ పెద్దలకు ఒక విన్నపం. వకాల్తా ఫారాలు, వెల్ఫేర్ స్టాంపులు మనమే అమ్ముతున్నాం. అదే కౌంటర్లో తెలుగులో ఒక్క పేజీ ఫీజు ఒప్పందం ఫారం, ఒక రసీదు పుస్తకం కూడా పెట్టండి. ఫీజు ఎంత, ఖర్చులు ఎంత, ఏ ఏ కేసులకు, డబ్బు ఏ నంబరుకు పంపాలి, ఇద్దరి సంతకాలు. ఇంతకు మించి అందులో ఏమీ అక్కర్లేదు. వచ్చే ఎన్నికల్లో ఈ మాట ఎవరు ఒప్పుకుంటే నా ఓటు వాళ్లకే.