పక్కవాడికి పోయకూడని గ్లాసు

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో సల్ఫీ కల్లు తాగడానికి కూర్చున్నవాళ్ళు మొదటి చుక్కలు నేలకు వదులుతారు. అవి ఊరి దేవతకు, వెళ్ళిపోయిన పెద్దలకు. ఆ తర్వాతే మనుషుల వంతు. ఆకుతో కుట్టిన దొప్ప చేతిలో పెట్టుకుని చుట్టూ కూర్చుంటారు. ఒకరు సొరబుర్ర ఎత్తి పోస్తూ పోతారు. ముసలివాళ్ళకు ముందు, కొత్తగా వచ్చినవాళ్ళకు ఆ వెంటనే. ఎవరి దొప్ప ఖాళీ అయిందో చూసుకునే పని తాగేవాడిది కాదు, పోసేవాడిది. చాలనుకున్నవాడు దొప్ప పక్కన పెడితే సరిపోతుంది, బలవంతం ఉండదు. ఎన్ని దొప్పలయ్యాయని అడగడం నేను కూర్చున్న చోట్ల ఎక్కడా వినలేదు.

సల్ఫీ మనకు పరాయిది కాదు. రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు వైపు జీలుగు కల్లంటామే, అదే. చింతూరు నుంచి కుంట, సుక్మా మీదుగా జగ్దల్‌పూర్ వెళ్ళే దారిలో రాష్ట్రం మారుతుంది గానీ చెట్టు మారదు. తాటిచెట్టంత నిటారుగా పెరిగి, చేప తోకల్లాంటి ఆకులు వేలాడేసుకుని, మొవ్వు దగ్గర కుండ కట్టించుకుని ఉంటుంది. పొద్దున దించిన కల్లు తియ్యగా, చల్లగా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ పులుస్తుంది. పట్నం నుంచి వచ్చినవాళ్ళు దీనికి ‘బస్తర్ బీరు’ అని పేరు పెట్టారు. ఆ పేరు నాకు నచ్చదు. బీరు ఎక్కడైనా దొరుకుతుంది. సల్ఫీ తాగాలంటే ఆ చెట్టున్న ఊరికి, ఆ చెట్టెక్కే మనిషి దగ్గరికి వెళ్ళాలి.

ఈ మధ్య ఈ మర్యాదంతా నాకు మళ్ళీ మళ్ళీ గుర్తొస్తోంది. కారణం మా మేనల్లుడి ఫోను. టెక్సాస్‌లో ఉంటాడు. అమ్మానాన్నలను గాల్వెస్టన్ రేవు నుంచి వారం రోజులు ఓడలో తిప్పుదామని టిక్కెట్లు కొన్నాడు. “మామయ్యా, ఓడలో తాగినంత తాగొచ్చట, దానికి వేరే ప్యాకేజీ ఉంది. నాన్నకు సాయంత్రం ఒక గ్లాసు అలవాటు కదా, తీసుకోమంటావా?” అని అడిగాడు. మా బావ తాగేది ఆ ఒక్క గ్లాసే. మా అక్క ముట్టదు. అయినా ఒకే గదిలో ఉండే పెద్దవాళ్ళలో ఒకరు ప్యాకేజీ తీసుకుంటే రెండోవారూ తీసుకోవాలట. అదీ ఒక రోజుకు కుదరదు, ప్రయాణం మొత్తానికీ కొనాలి. ఓడ రేవులో ఆగి, వీళ్ళు పొద్దస్తమానం ఊళ్ళో తిరిగిన రోజుకు కూడా డబ్బు కట్టాల్సిందే.

పెద్ద ఓడల కంపెనీల్లో ఈ ప్యాకేజీలు మనిషికి రోజుకు 60 నుంచి 100 డాలర్ల మధ్య ఉంటున్నాయి. పైన చాలా కంపెనీల్లో 18 శాతం టిప్పు తప్పనిసరిగా కలుస్తుంది. రోజుకు 80 డాలర్లు అనుకుందాం. టిప్పుతో 94 దాటుతుంది. ఇద్దరికి ఏడు రోజులకు దాదాపు 1,320 డాలర్లు, మన డబ్బులో లక్షకు పైమాటే. విడిగా కొంటే ఒక గ్లాసు 13 డాలర్లు, దాని మీద టిప్పు. అంటే కట్టిన డబ్బు గిట్టాలంటే ఇద్దరూ చెరి ఆరు గ్లాసులకు పైన రోజూ తాగాలి. బావ ఒకటి, అక్క సున్నా. వద్దన్నాను.

డబ్బు సంగతి అంతటితో తేలిపోయింది. నన్ను పట్టుకున్నది ఆ ప్యాకేజీ కింద ఉన్న నియమం: కొన్నవాడు తన గ్లాసు ఇంకొకరికి ఇవ్వకూడదు. ఇచ్చినట్టు తేలితే ప్యాకేజీ రద్దు చేయవచ్చు. అపరిమితం అనే మాటకు లోపల హద్దులు కూడా ఉన్నాయి. కార్నివాల్ కంపెనీ ఓడల్లో ఇరవైనాలుగు గంటల్లో 15 మద్యం గ్లాసులే ఇస్తారు, ఒకసారికి ఒకటే, రెండింటి మధ్య ఐదు నిమిషాల ఎడం. ఈ హద్దు మంచిదే, మనిషి ప్రాణానికి కాపు. పంచుకోకూడదన్న నియమం కూడా వ్యాపారానికి అవసరమే. ఒకరు కొని నలుగురు తాగితే ఆ ధరకు వాళ్ళు అమ్మలేరు. ఓడవాళ్ళను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ పక్కన కూర్చున్న పెళ్ళానికి ఒక గుక్క ఇవ్వడం దొంగతనం కింద లెక్కయ్యే చోట, తాగడం అనే పని స్వభావమే మారిపోతుంది. దాహం, రుచి, సావాసం వెనక్కి పోతాయి. కట్టిన డబ్బు రాబట్టుకోవడం ముందుకొస్తుంది. పొద్దున కాఫీ ఎన్ని, మంచినీళ్ళ సీసాలు ఎన్ని, మధ్యాహ్నం బీరు ఎన్ని అని ప్రతి ఒక్కరూ మనసులో చిట్టా రాసుకుంటారు. పక్కవాడి గ్లాసు ఖాళీ అయిందో లేదో చూసే కన్ను అక్కడ ఉండదు. ఉంటే నేరం.

విశాఖకు కూడా ఇలాంటి ఓడలు వచ్చాయి. 2022 జూన్‌లో కార్డేలియా కంపెనీ ఓడ ఎంప్రెస్ వచ్చి వెళ్ళింది. రేవులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023లో మొదలైంది. కాబట్టి ఈ లెక్కలు ఇకపై అమెరికా మేనల్లుళ్ళవి మాత్రమే కావు. అదే విశాఖ స్టేషన్లో కిరండూల్ రైలెక్కితే అరకు దాటి జగ్దల్‌పూర్ చేరతాం. ఒకే ఊరి నుంచి రెండు దారులు. నేను ఎక్కువగా ఎక్కింది రెండోది.

సల్ఫీ ఉచితమేమీ కాదు. దాని ఖర్చు వేరే చోట పడుతుంది. మొక్క నాటిన తర్వాత కల్లు కారడానికి పది పదిహేనేళ్ళు పట్టవచ్చు. ఆ చెట్టు జీవితంలో పూసేది చివరి దశలోనే. మొదటి గెల పైన మొవ్వు దగ్గర వస్తుంది, తర్వాతవి ఒక్కో మెట్టూ కిందికి దిగుతూ కొన్నేళ్ళ పాటు వస్తాయి. అన్నిటికన్నా కింది గెల అయిపోతే చెట్టు చచ్చిపోతుంది. గెల కొన కోసి, కుండ కట్టి, రోజుకు రెండు పూటలా ఎక్కి ఆ కోతను తాజాగా చెక్కుతుంటేనే కల్లు కారుతుంది. ఎక్కడానికి చెట్టుకు ఒక వెదురు బొంగు కట్టి ఉంటుంది, కొమ్మలు నరికిన గణుపులే మెట్లు. వానాకాలం ఆ బొంగు మీద కాలు పెట్టే మనిషిని కింద నుంచి చూసినవాళ్ళెవరూ కల్లు చవక అనరు. తెలంగాణలో తాళ్ళెక్కే గీత కార్మికుడికి మోకూ ముస్తాదూ ఉంటాయి. అయినా పడిపోయి నడుములు విరిగిన వార్తలు వస్తూనే ఉంటాయి. సల్ఫీ చెట్టెక్కేవాడికి బొంగు ఒక్కటే ఆధారం.

అందుకే చెట్టు ఆస్తి. బస్తర్‌లో కొన్ని ఇళ్ళల్లో పెళ్ళినాడు కూతురికి సల్ఫీ చెట్టు ఇస్తారు. చెట్టు ఎవరిదో ఊరందరికీ తెలుసు. కల్లు మాత్రం వచ్చి కూర్చున్నవాళ్ళది. ఇవాళ నా చెట్టు కింద నువ్వు తాగితే, నా గెల ఎండిపోయిన నెలల్లో నీ చెట్టు కింద నేను తాగుతాను. ఈ అప్పు ఎక్కడా రాసి ఉండదు, తీరిపోవాలని కూడా ఎవరికీ ఉండదు. తీరిపోతే రాకపోకలు ఆగిపోతాయి కదా.

ఈ తాగే పద్ధతి మీద సర్కారు చెయ్యి పడినప్పుడల్లా కొండలు లేచాయి. మన రంప దేశాన్ని ఏలే మన్సబుదారు కల్లుగీత మీద చిగురు పన్ను పెట్టాడు. దానికి తోడు మద్రాసు ప్రభుత్వం ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడాన్ని కూడా ఆబ్కారీ కిందికి తెచ్చి గుత్తేదారులకు అప్పగించింది. 1879 మార్చిలో రంప తిరగబడింది. చెట్టు వాళ్ళది, అడవి వాళ్ళది, ఎక్కే ప్రాణం వాళ్ళది. మధ్యలో ఇంకొకడు కూర్చుని దొప్పకింత అని వసూలు చెయ్యడం వాళ్ళకు అర్థం కాలేదు, అక్కర్లేదు కూడా. బస్తర్‌లో 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటుకు సర్కారు అడవులను రిజర్వు చేయడం, వెట్టి ప్రధాన కారణాలు. ఇంట్లో సారా కాచుకోవడం మీద ఆంక్షలు కూడా ఆ కడుపుమంటలో ఉన్నాయి. ఈ తిరుగుబాట్లను తాగుడు కోసం జరిగిన గొడవలుగా చూస్తే ఏమీ అర్థం కాదు. ఎవరికి పోయాలో, ఎవరితో కూర్చోవాలో నిర్ణయించుకునే హక్కు కోసం జరిగిన గొడవలవి.

మత్తుకు మరో ముఖం ఉంది. దాన్ని దాచి బస్తర్‌ను పొగిడితే అక్కడి ఆడవాళ్ళకు ద్రోహం. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1943లో బస్తర్ మారియా గిరిజనుల హత్యల మీద, ఆత్మహత్యల మీద పుస్తకం రాశాడు. వంద హత్య కేసులు చదివి రాసిన పుస్తకం. ఆ హత్యల కారణాల్లో తాగుడూ ఉంది. కూర్చుని పంచుకునే పద్ధతి మనిషిని కొంతవరకే కాపాడుతుంది. ఇప్పసారా సల్ఫీ కాదు, దాని ఘాటు వేరు. సంతలో కోడిపందేల పక్కన మధ్యాహ్నానికే పడిపోయినవాళ్ళను చూశాను. వాళ్ళ పక్కన బుట్ట పట్టుకుని ఎదురుచూస్తున్న భార్యల మొహాలూ చూశాను. మన దగ్గర 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచింది కూడా ఇందుకే. మరుసటి ఏడు అక్టోబరులో సారా నిషేధం వచ్చేదాకా వాళ్ళు వదల్లేదు. వాళ్ళు తిరగబడింది ఎవరో ఎక్కడో నింపి, వేలంపాట పాడిన కాంట్రాక్టరు ఊళ్ళోకి తోలిన పాకెట్ల మీద. ఎంత అమ్ముడుపోతే అంత లాభం అనే చోట, చాలు అని దొప్ప పక్కన పెట్టేవాడు ఎవరికీ అక్కర్లేదు.

ఇప్పుడు ఆ రకం చూపు చిత్రకోట్ జలపాతం దారిలోకి వస్తోంది. రోడ్డు వారన ప్లాస్టిక్ సీసాల్లో సల్ఫీ అమ్ముతున్నారు. అమ్మడం తప్పు కాదు. ఉప్పుకూ నూనెకూ పిల్లల బడి ఖర్చులకూ ఆ కుటుంబాలకు డబ్బు కావాలి, సంతల్లో ఆడవాళ్ళు లాందా అనే బియ్యపు కల్లు, ఇప్పసారా అమ్మడం కొత్తదీ కాదు. నేను బాధపడింది ఇంకో చోట. ఒక సాయంత్రం ఒక పల్లెలో చెట్టు కింద ఐదారుగురు ముసలివాళ్ళు కుండ దిగడం కోసం కూర్చుని ఉన్నారు. కారులో మనవాళ్ళే దిగారు, మాటలు తెలుగు. కుండ మొత్తం ఎంత అని అడిగారు, అడిగినదానికన్నా ఎక్కువే ఇచ్చారు, డిక్కీలో ఉన్న సీసాల్లోకి ఒంపుకున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. బేరం కూడా ఆడలేదు. కానీ అక్కడ అప్పటికే కూర్చున్నవాళ్ళున్నారని వాళ్ళకు కనబడలేదు. ముసలివాళ్ళు ఏమీ అనలేదు, కాసేపుండి లేచి ఇళ్ళకు పోయారు. చెట్టెక్కిన కుర్రాడు నోట్లు మడత పెట్టుకుంటూ వాళ్ళ వైపు చూడలేకపోయాడు.

అటు వెళ్ళే తెలుగువాళ్ళకు నేను చెప్పదలచుకున్నది ఉంది. కుండ కొనకండి. కూర్చోండి. మీకన్నా ముందు వచ్చినవాళ్ళ తర్వాత మీ వంతు వస్తుంది. దొప్పలోనే తాగండి, తొలి చుక్కలు నేలకు వదలండి. డబ్బు చెట్టెక్కినవాడి చేతికి ఇవ్వండి, కూర్చున్న అందరి తరఫున ఇచ్చినట్టు ఇవ్వండి. బండి నడపాల్సినవాడు దొప్ప పట్టుకోకూడదు. తాగుతున్నవాళ్ళ ఫొటోలు వాళ్ళను అడక్కుండా తియ్యకండి. సీసాలో పట్టుకెళ్ళిన సల్ఫీ మీ ఇల్లు చేరేలోపే పులిసిపోతుంది, దానితో మీకూ లాభం లేదు.

చెట్టు కూడా ఇదివరకట్లా లేదు. వేర్ల నుంచి పాకే ఫ్యూజేరియం తెగులు వచ్చి బస్తర్‌లో సల్ఫీ చెట్లు ఎండిపోతున్నాయి. ఒక చెట్టు పోతే దాని చోటు నిండడానికి ఒక పిల్లవాడు పెద్దవాడయ్యేంత కాలం పడుతుంది. ఉన్న చెట్లు తక్కువై, రోడ్డు మీద కొనేవాళ్ళు ఎక్కువైతే మొదట తెగిపోయేది చెట్టు కింద కూర్చోవడమే.

దీనికి చట్టంలోనే దారి ఉంది. 1996 నాటి పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ అదుపు చేసే అధికారాన్ని షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు ఇవ్వమంటోంది. ఛత్తీస్‌గఢ్ దానికి నియమాలు 2022లో చేసింది. ఇప్పటిదాకా ఈ అధికారం గురించి మాట్లాడితే సారా దుకాణం వద్దనే తీర్మానాల గురించే మాట్లాడుతున్నాం. అవి కావాలి. వాటితో పాటు ఇంకో తీర్మానం కూడా కావాలి: పొద్దుటి కుండ రోడ్డుకు పోవచ్చు, సాయంత్రం కుండ ఊరిది. ఎన్ని కుండలు అమ్మాలి, ఏ చెట్టుకు ఈ ఏడు విశ్రాంతి ఇవ్వాలి, అమ్మిన డబ్బులో కొత్త మొక్కలకు ఎంత తియ్యాలి అన్నది చెట్టెక్కేవాళ్ళూ, ఆ ముసలివాళ్ళూ, సంతలో బుట్ట పట్టుకుని ఎదురుచూసే ఆడవాళ్ళూ ఒకచోట కూర్చుని తేల్చాలి. మన చింతూరు, మారేడుమిల్లి గ్రామసభలకు కూడా ఇదే అధికారం ఉంది, ఇదే చెట్టు ఉంది.